పాల పళ్లే కదా అని వదిలేయకండి! సూది, మిషన్ లేకుండా పిల్లల పుచ్చు పళ్లకు చికిత్స

ఛత్రినాక నుంచో, మొగల్‌పురా నుంచో, ఫలక్‌నుమా నుంచో ఒక తల్లి తన ఐదేళ్ల బాబును తీసుకొచ్చి దంత వైద్యుల గది ముందు కూర్చుందనుకుందాం. రాత్రంతా బాబు నిద్రపోలేదు. బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. లోపలి నుంచి మిషన్ చప్పుడు వినపడగానే తల్లి కొంగు గట్టిగా పట్టుకున్నాడు. పక్కనే ఉన్న నానమ్మ, "పాల పండ్లే గద బిడ్డా, ఎట్లయినా ఊడిపోయేటివే. ఇంటికి పోదాం పా" అంటోంది. తల్లికి ఏం చేయాలో తోచడం లేదు.

ఇలాంటి పరిస్థితి మీకూ ఎదురై ఉండవచ్చు. ఇది కొద్దిమంది పిల్లల సమస్య కాదు. భారత దంత వైద్య మండలి 2002-03లో దేశమంతటా జరిపిన సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగం మందికి పైగా పుచ్చు పళ్లు ఉన్నట్లు తేలింది.

ఈ వ్యాసంలో మేము మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒకే ఒక మాట. నొప్పి వచ్చేదాకా ఆగకండి. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే తీసుకొస్తే, చాలామంది పిల్లలకు మత్తు సూది వేయకుండా, మిషన్‌తో పన్ను తొలచకుండా దాన్ని అక్కడికక్కడే ఆపేయవచ్చు. ఆలస్యమైన కొద్దీ ఈ సులువైన దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి.

పాల పళ్లు ఎందుకు ముఖ్యం?

పిల్లలకు పాల పళ్లు మొత్తం 20. సుమారు ఆరు నెలల వయసులో మొదటి పన్ను వస్తుంది. మూడేళ్లు నిండేసరికి దాదాపు అన్నీ వచ్చేస్తాయి. నానమ్మ చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. ముందు పళ్లు ఆరేడేళ్లకే ఊడిపోతాయి. కాని నమిలే దవడ పళ్లు అప్పుడే ఊడవు. అవి 10 నుంచి 12 ఏళ్ల దాకా నోట్లోనే ఉండాలి. అంటే నాలుగేళ్లప్పుడు దవడ పన్ను పుచ్చితే, ఆ బిడ్డ ఇంకా ఆరు నుంచి ఎనిమిదేళ్లు ఆ పన్నుతోనే అన్నం తినాలి.

పుచ్చిన పన్నుతో పిల్లలు సరిగా నమలలేరు. ఒక పక్కనే తింటారు, లేదా తినడమే మానుకుంటారు. నిద్ర చెడుతుంది, బడి పోతుంది. పుచ్చు లోతుకు పోయి చీము పడితే, కింద తయారవుతున్న శాశ్వత పన్నుకు కూడా మచ్చ పడవచ్చు. పాల దవడ పన్నును ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తరువాత వచ్చే శాశ్వత పన్నుకు చోటు ఉండదు, వంకరగా వస్తుంది. పాల పన్ను అంటే శాశ్వత పన్ను కోసం చోటు కాపాడి ఉంచే కాపలాదారు అని గుర్తుంచుకోండి.

పన్ను ఎలా పుచ్చుతుంది?

"పన్నుకు పురుగు పట్టింది" అని మన పెద్దవాళ్లు అంటారు. పంటి నుంచి పురుగు తీసి చూపిస్తామని రోడ్డు పక్కన కూర్చునే వాళ్లు కూడా ఉన్నారు. నిజానికి పంట్లో పురుగు ఉండదు. అక్కడ ఉండేది కంటికి కనపడని సూక్ష్మజీవులు. అవి అందరి నోట్లోనూ ఉంటాయి. మనం తిన్న చక్కెరను అవి కూడా తిని ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్ నుంచి సున్నం లాంటి ఖనిజాలను లాగేస్తుంది.

తీపి తిన్న ప్రతిసారీ ఈ దాడి మొదలై సుమారు అరగంట సాగుతుంది. ఆ తరువాత లాలాజలం ఆమ్లాన్ని తగ్గించి, పోయిన ఖనిజాలను కొంత తిరిగి పంటికి చేరుస్తుంది. అంటే పన్ను రోజంతా కొంత పోగొట్టుకుంటూ, కొంత సరిచేసుకుంటూ ఉంటుంది. పోయేది ఎక్కువై, తిరిగి చేరేది తక్కువైతే పుచ్చు ఏర్పడుతుంది. పాల పళ్ల ఎనామిల్ పెద్దవాళ్ల పళ్ల మీద ఉన్నదానికంటే పలుచన. అందుకే పిల్లల్లో పుచ్చు తొందరగా లోతుకు పోతుంది.

పుచ్చు మొదటి గుర్తు నల్లగా ఉండదు, తెల్లగా ఉంటుంది. నెలకొకసారి మీ బిడ్డ పై పెదవిని వేలితో మెల్లగా పైకెత్తి వెలుతురులో చూడండి. ముందు పళ్ల మీద చిగురు అంచున సుద్ద ముక్కతో గీసినట్లు తెల్లని గీత కనిపిస్తే, పుచ్చు మొదలైనట్లే. ఈ దశలో ఇంకా రంధ్రం పడలేదు. దీన్ని వెనక్కి మళ్లించవచ్చు. రంధ్రం పడిన తరువాత పోయిన పన్ను మళ్లీ పెరగదు, కాని పుచ్చు ముందుకు సాగకుండా ఆపవచ్చు. ఈ రెండు విషయాల మీదే కొత్త చికిత్సలన్నీ ఆధారపడి ఉన్నాయి.

వైద్యం ఎందుకు మారింది?

పూర్వం పద్ధతి వేరు. పుచ్చు కనిపిస్తే చుట్టూ ఉన్న మంచి పన్నును కూడా కొంత తొలచి, పెద్ద గుంట చేసి నింపేవారు. నూరేళ్ల క్రితం అమెరికాలో జి.వి. బ్లాక్ అనే దంత వైద్య నిపుణులు చెప్పిన సూత్రం అది. అప్పటికి ఉన్న ఫిల్లింగులకు పంటిని పట్టుకునే గుణం లేదు కాబట్టి ఆ పద్ధతి అవసరమైంది.

1972లో ఇంగ్లండుకు చెందిన విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు గ్లాస్ అయనోమర్ అనే సిమెంటును లోకానికి పరిచయం చేశారు. ఇది పంటికి తానే అతుక్కుంటుంది, పైగా కొద్దికొద్దిగా ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తూ ఉంటుంది. 1980లలో ఆఫ్రికాలోని టాంజానియాలో, కరెంటు లేని పల్లెల్లో, చేతి పనిముట్లతో పుచ్చును గీకి తీసి సిమెంటు పెట్టే పద్ధతి మొదలైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య దినోత్సవానికి నోటి ఆరోగ్యమే అంశం. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని అన్ని దేశాలకూ పరిచయం చేసింది. 2021లో అదే సంస్థ తన అత్యవసర మందుల జాబితాలో ఫ్లోరైడ్ పేస్టును, గ్లాస్ అయనోమర్ సిమెంటును, ఇప్పుడు మనం చెప్పుకోబోయే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ను చేర్చింది.

కాబట్టి ఇది పేదలకు మాత్రమే చేసే తక్కువ రకం వైద్యం అనుకోకండి. కరెంటు లేని ఊళ్ల కోసం పుట్టిన పద్ధతిని ఈ రోజు పెద్ద పెద్ద నగరాల్లో కూడా పిల్లల దంత వైద్యులు వాడుతున్నారు. మంచి పన్నును వీలైనంత తక్కువగా ముట్టుకోవడం, బిడ్డను భయపెట్టకపోవడం దీని ఉద్దేశం.

ఏయే చికిత్సలు ఉన్నాయి?

1. ఫ్లోరైడ్ వార్నిష్. తెల్లని గీత మాత్రమే ఉండి, రంధ్రం పడని పళ్లకు ఇది మంచిది. పళ్లను దూదితో తుడిచి, చిన్న బ్రష్‌తో జిగురు లాంటి మందును పూస్తారు. రెండు మూడు నిమిషాల పని. నొప్పి ఉండదు. ఆ రోజు మెత్తని ఆహారం పెట్టండి, వేడి వేడి పాలు, టీ ఇవ్వకండి. ఆ రాత్రికి బ్రష్ చేయించకండి. మూడు నుంచి ఆరు నెలలకొకసారి మళ్లీ పూయించాలి. బిడ్డకు తీవ్రమైన ఆస్తమా గాని, జిగుర్ల వల్ల ఎలర్జీ గాని ఉంటే ముందే చెప్పండి.

2. సీలెంట్. ఆరేళ్ల వయసులో పాల పళ్ల వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దీన్ని కూడా పాల పన్నే అనుకుంటారు. ఈ పన్ను జీవితాంతం ఉండవలసినది. దాని పైభాగంలో లోతైన గాళ్లు ఉంటాయి. బ్రష్ కుచ్చు వాటిలోకి పోదు. పుచ్చు పట్టకముందే ఆ గాళ్లను పల్చని పూతతో మూసేయడమే సీలెంట్. సూది అవసరం లేదు.

3. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. దీన్ని క్లుప్తంగా ఎస్.డి.ఎఫ్. అంటారు. ఇందులోని వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన పన్నును గట్టిపరుస్తుంది. జపానులో 1970 నుంచి ఇది వాడకంలో ఉంది. మన దేశంలోనూ దొరుకుతోంది. రంధ్రాన్ని శుభ్రం చేసి, ఆరబెట్టి, చిన్న బ్రష్‌తో ఒక చుక్క మందును సుమారు ఒక నిమిషం పాటు అద్దుతారు. అంతే. కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేని రెండు మూడేళ్ల పిల్లలకు, మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలకు, గుండె జబ్బు వంటి కారణాల వల్ల మత్తు ఇవ్వడం కష్టమైన పిల్లలకు ఇది ఎంతో ఉపయోగం. పరిశోధనలన్నీ కలిపి చూస్తే, పాల పళ్లలో ఇది పూసిన ప్రతి 10 పుచ్చుల్లో సుమారు 8 ఆగిపోతున్నాయి.

అయితే ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఈ మందు పూసిన చోట పుచ్చు నల్లగా మారుతుంది. ఆ నలుపు పోదు. పుచ్చు గట్టిపడి ఆగిపోయిందనడానికి అదే గుర్తు. మంచి పన్ను మాత్రం నల్లబడదు. పెదవి మీద, చర్మం మీద పడితే మచ్చ కొద్ది రోజుల్లో పోతుంది. బట్టల మీద పడితే పోదు. వెండి అంటే ఎలర్జీ ఉన్నవారికి, నోట్లో పుండ్లు ఉన్నప్పుడు ఇది పూయరు. ఒకసారి పూసి వదిలేస్తే సరిపోదు, ఆరు నెలలకొకసారి చూపించుకుని అవసరమైతే మళ్లీ పూయించాలి.

4. చేతి పనిముట్లతో పుచ్చు తీసి సిమెంటు పెట్టడం. టాంజానియాలో మొదలైన పద్ధతి ఇదే. దీన్ని ఎ.ఆర్.టి. అంటారు. చిన్న చెంచా ఆకారంలో ఉన్న పనిముట్టుతో మెత్తబడిన భాగాన్ని మెల్లగా గీకి తీస్తారు. మెత్తబడిన భాగంలో స్పర్శ తక్కువ కాబట్టి మామూలుగా సూది అవసరం రాదు. తరువాత సిమెంటు కలిపి రంధ్రంలో నింపి, వేలితో గట్టిగా అదుముతారు. గంట సేపు ఏమీ తినకూడదు. పుచ్చు పంటి మీద ఒకే పక్కన ఉంటే ఈ సిమెంటు బాగా నిలుస్తుంది. రెండు పళ్ల సందులో ఉంటే తొందరగా విరిగే అవకాశం ఎక్కువ. కొన్నిసార్లు ముందు ఎస్.డి.ఎఫ్. పూసి, తరువాత దానిమీద సిమెంటు పెడతారు.

5. హాల్ పద్ధతి క్యాప్. స్కాట్లండులో నోర్నా హాల్ అనే డెంటిస్టు అనుసరించిన విధానం కాబట్టి ఆమె పేరే వచ్చింది. పాల దవడ పన్ను రెండు పక్కలా పుచ్చినప్పుడు, పుచ్చును తొలచకుండానే స్టీలు క్యాపులో సిమెంటు నింపి పన్ను మీద తొడిగి అదుముతారు. సూది ఉండదు, మిషన్ ఉండదు. పళ్ల మధ్య సందు లేకపోతే కొద్ది రోజుల ముందే చిన్న రబ్బరు రింగులు పెడతారు. మొదట్లో పన్ను ఎత్తుగా ఉన్నట్లు బిడ్డకు అనిపిస్తుంది, కొన్ని వారాల్లో అలవాటైపోతుంది. పాల పన్ను ఊడినప్పుడు క్యాపు కూడా దానితోపాటే ఊడిపోతుంది.

ఎప్పుడు ఈ పద్ధతులు సరిపోవు?

ఇక్కడ మేము మీకు నిజం చెప్పాలి. పై చికిత్సలన్నీ పుచ్చు నరం దాకా పోని పళ్లకే. ఈ కింది లక్షణాలు ఉంటే పుచ్చు నరాన్ని చేరిందని అనుమానించాలి.

• ఏ కారణం లేకుండా నొప్పి రావడం, రాత్రి నిద్రలో నొప్పితో లేవడం
• చల్లటిది గాని వేడిది గాని తాగిన తరువాత నొప్పి చాలాసేపు తగ్గకపోవడం
• చిగురు మీద చిన్న కురుపు లేచి చీము కారడం
• పన్ను వయసుకు ముందే కదలడం

మొదట చెప్పిన బాబు విషయంలో జరిగింది ఇదే. రాత్రంతా ఏడ్చాడంటే పుచ్చు నరం దాకా వెళ్లి ఉండవచ్చు. అప్పుడు పన్నులోని నరానికి చికిత్స చేయడమో, పన్ను తీసేయడమో తప్పదు. అదే పన్నుకు ఏడాది క్రితం ఒక చుక్క మందు పూసి ఉంటే సరిపోయేదేమో. అయినా ఆ బాబు నోట్లో మిగిలిన 19 పళ్లు ఉన్నాయి. నొప్పి లేని పళ్లను కూడా ఆ రోజే పరీక్ష చేయించి, చిన్న పుచ్చులను ఆపించుకోవచ్చు.

ఈ ప్రమాద సూచనలు కనిపిస్తే అదే రోజు, రాత్రి అయినా సరే, ఆసుపత్రికి తీసుకురండి: బుగ్గ గాని, దవడ కింద గాని వాపు, కన్ను మూసుకుపోయేంత వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడానికి గాని ఊపిరి తీసుకోవడానికి గాని కష్టపడటం. పంటి చీము పసిపిల్లల్లో తొందరగా పాకుతుంది. ఇంట్లో మందులతో కాలయాపన చేయకండి.

చాలా పళ్లు పాడైపోయి, బిడ్డ ఏ విధంగానూ సహకరించలేనప్పుడు, పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి అన్నీ సరిచేయవలసి వస్తుంది. మత్తు ఎంతవరకు భద్రమో తేల్చడానికి 1888, 1889లలో మన హైదరాబాదులోనే క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఆనాటితో పోలిస్తే ఇప్పుడు మత్తు ఎంతో సురక్షితం. అయినా ఆపరేషన్ థియేటరు, ఖాళీ కడుపు, ఖర్చు, బిడ్డ భయం ఇవన్నీ ఉంటాయి. ముందుగా వస్తే వీటన్నింటినీ తప్పించుకోవచ్చు.

ఫ్లోరైడ్ అంటే భయపడాలా?

పాతబస్తీలో నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ సొంత ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టినవారిని, ఎముకలు వంగిపోయినవారిని మీరు కళ్లారా చూసి ఉంటారు. అందుకే "ఫ్లోరైడ్ మందు" అనగానే మీకు భయం కలగడం సహజం. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు.

తేడా ఇది. నల్గొండలో హాని చేసింది బోరు నీళ్లలో ఉన్న అధిక ఫ్లోరైడ్. దాన్ని ఏళ్ల తరబడి, రోజూ, లీటర్ల కొద్దీ తాగడం వల్ల అది ఎముకల్లో చేరింది, చిగుళ్లలో తయారవుతున్న పళ్లను పాడుచేసింది. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండటం మంచిది, వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదు. ఇక్కడ మనం చెప్పుకుంటున్నది మింగే మందు కాదు, ఏడాదికి రెండు మూడుసార్లు పంటి మీద పూసే కొద్దిపాటి మందు. అన్నంలో ఉప్పు చిటికెడు వేయడానికీ, గ్లాసుడు ఉప్పునీళ్లు రోజూ తాగడానికీ ఉన్నంత తేడా.

హైదరాబాదు నగరానికి వచ్చే నీరు గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీరా, కృష్ణా, గోదావరి నీరు. మీ ఇంట్లో బోరు నీళ్లు తాగుతుంటే మాత్రం ఒకసారి పరీక్ష చేయించండి. ఆ విషయం డాక్టరుకు కూడా చెప్పండి. గారపళ్లు ఉన్న పిల్లలకు పుచ్చు రాదనుకోవడం కూడా పొరపాటు. వారికీ వస్తుంది.

ఇంట్లో మీరు చేయవలసినవి

డాక్టరు చేసే పని కొద్ది నిమిషాలే. మిగిలిన పనంతా మీ చేతుల్లోనే ఉంది. ఇంట్లో అలవాట్లు మారకపోతే ఆగిన పుచ్చు మళ్లీ మొదలవుతుంది.

1. మొదటి పన్ను కనిపించినప్పటి నుంచే బ్రష్ మొదలు పెట్టండి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠానీ గింజంత పేస్టు చాలు. పేస్టులో ఫ్లోరైడ్ సుమారు 1000 పిపిఎం ఉందో లేదో డబ్బా మీద చూడండి.

2. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి బ్రష్ చేయించండి. రాత్రి నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది కాబట్టి రాత్రి బ్రష్ మరీ ముఖ్యం. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా బ్రష్ మీ చేతిలోనే ఉండాలి. నురుగు ఉమ్మించండి, నీళ్లతో ఎక్కువగా పుక్కిలించనవసరం లేదు.

3. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి. సీసా పాలల్లో చక్కెర కలపకండి. పాలపీకను తేనెలో ముంచి ఇవ్వకండి. పై ముందు పళ్లు నాలుగూ ఒకేసారి పుచ్చిపోవడానికి తరచుగా ఇవే కారణం.

4. తీపి ఎంత తిన్నారన్నది ఎంత ముఖ్యమో, ఎన్నిసార్లు తిన్నారన్నది కూడా అంతే ముఖ్యం. పండుగ రోజు భోజనంతోపాటు ఒక కప్పు పాయసమో, షీర్ ఖుర్మానో తింటే వచ్చే నష్టం తక్కువ. పొద్దున చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్, పదకొండింటికి కిరాణా కొట్టు చాక్లెట్, మధ్యాహ్నం కూల్ డ్రింకు గుక్క గుక్కగా గంటసేపు, సాయంత్రం మళ్లీ బిస్కెట్, ఇలా అయితే పళ్లకు తేరుకునే వ్యవధే దొరకదు. పిల్లలకు తీపి చాయ్ అలవాటు చేయకండి.

5. భోజనాల మధ్య ఆకలి వేస్తే వేయించిన పల్లీలు (చిన్న పిల్లలకైతే గొంతులో అడ్డుపడకుండా పొడి చేసి), ఉడికించిన శనగలు, గుడ్డు, పెరుగు, జామపండు ఇవ్వండి. దాహానికి మంచినీళ్లే ఇవ్వండి.

6. వేపపుల్ల, మిస్వాక్ వాడే అలవాటు ఉంటే మానమని చెప్పం. కాని వాటితోపాటు పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు కూడా తప్పక వాడండి. ఇటుక పొడి, బొగ్గు, గరుకు పళ్లపొడి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు కలిసిన పళ్లపొడి పిల్లల దగ్గరికే రానివ్వకండి.

7. నొప్పి ఉన్నప్పుడు చిగురు మీద మాత్రలు, కర్పూరం, లవంగ నూనె పెట్టకండి. లేత చిగురు కాలిపోతుంది. ఆస్పిరిన్ మాత్ర పిల్లలకు ఇవ్వకూడదు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇచ్చి, వెంటనే చూపించండి.

బిడ్డను తీసుకొచ్చేటప్పుడు

మొదటి పుట్టినరోజు నాటికి ఒకసారి పళ్లు చూపించడం మంచిది. నొప్పి లేని రోజున తీసుకొస్తే బిడ్డకు ఆసుపత్రి అంటే భయం ఏర్పడదు. చిన్న పిల్లలు హుషారుగా ఉండే ఉదయం వేళ రండి. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అని ఇంట్లో ఎప్పుడూ బెదిరించకండి. "ఏమీ చేయరు" అని అబద్ధం కూడా చెప్పకండి. "డాక్టరుగారు నీ పళ్లు లెక్కపెడతారు" అంటే చాలు. మూడేళ్ల లోపు పిల్లలను మీ ఒళ్లోనే పడుకోబెట్టుకుని పరీక్ష చేయించవచ్చు. నానమ్మ, అమ్మమ్మలను కూడా వెంట తీసుకురండి. ఇంట్లో బిడ్డకు ఏం పెట్టాలో నిర్ణయించేది చాలాసార్లు వారే.

బడికి, అంగన్‌వాడీకి వచ్చే ఆరోగ్య బృందాలు కూడా పిల్లల పళ్లు చూస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షల్లో పుచ్చు పళ్లు కూడా ఒక అంశం. వారు చీటీ రాసిస్తే పారేయకండి. పాతబస్తీవారికి అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి కూడా దగ్గరే.

మీ సందేహాలు, మా సమాధానాలు

డాక్టరుగారు పుచ్చు మొత్తం తీయకుండానే సిమెంటు పెట్టారు. లోపల పెరగదా?
నరానికి దగ్గరగా ఉన్న పుచ్చును పూర్తిగా గీకితే నరం బయటపడే ప్రమాదం ఉంది. అందుకే అంచులన్నీ శుభ్రం చేసి, లోతున కొద్దిగా వదిలి, పైన గట్టిగా మూసేస్తారు. లోపల చిక్కుకున్న సూక్ష్మజీవులకు చక్కెర అందదు కాబట్టి పుచ్చు ఆగిపోతుంది. అది పొరపాటు కాదు, కావాలని చేసే వైద్యమే.

మా పాపకు ముందు పళ్లు నల్లగా కనిపిస్తే బడిలో వెక్కిరించరా?
మీ బాధ అర్థం చేసుకోదగినదే. నిర్ణయం మీదే. ముందు పళ్లకు వద్దనుకుంటే వెనుక పళ్లకు మాత్రమే ఎస్.డి.ఎఫ్. పూయించుకోవచ్చు. ముందు పళ్ల నలుపును పంటి రంగు సిమెంటుతో చాలావరకు కప్పవచ్చు. పూయకముందే ఫోటోలు చూపించమని అడగండి, అర్థమైన తరువాతే ఒప్పుకోండి.

సిమెంటు ఊడిపోతే?
ఊడినంత మాత్రాన పన్ను పాడైనట్లు కాదు. నొప్పి లేకపోయినా వారం లోపల వచ్చి మళ్లీ పెట్టించుకోండి.

పూర్వం పెట్టే వెండి రంగు ఫిల్లింగు మంచిది కాదా?
దానిలో పాదరసం ఉంటుంది. పర్యావరణాన్ని కాపాడేందుకు కుదిరిన మినమాటా ఒప్పందంలో భారతదేశం కూడా ఉంది. పాల పళ్లకు, 15 ఏళ్ల లోపు పిల్లల పళ్లకు దాన్ని వాడకూడదని, లేదా వాడకుండా చూడాలని ఆ దేశాలన్నీ 2022లో అంగీకరించాయి. ఇంతకుముందే పెట్టించుకున్నవారు కంగారుపడి తీయించుకోవలసిన పని లేదు.

ఈ రోజు రాత్రే మొదలు పెట్టండి

ఈ పుస్తకం మూసేసే ముందు ఒక్క పని అనుకోండి. ఈ రాత్రి బిడ్డ పడుకునే ముందు, ట్యూబులైటు కింద ఒళ్లో పడుకోబెట్టుకుని, పెదవి ఎత్తి పళ్లు చూడండి. తరువాత నోరు తెరిపించి వెనుక దవడ పళ్లు కూడా చూడండి. తెల్లని గీత, గోధుమ రంగు మచ్చ, చిన్న రంధ్రం, ఏది కనిపించినా ఈ వారంలోనే తీసుకురండి. నొప్పి లేదు కదా అని ఆగకండి. నొప్పి లేకపోవడమే మీ బిడ్డకు ఉన్న మంచి అవకాశం.